నోరులేని బీరువా

ఆ ఆదివారం ఇంట్లో నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అన్న ఉన్నాడు, వెనక గదిలో నానమ్మ ఉంది. ఎవరిని అడిగినా ఈ నలుగురినే చెప్పి ఊరుకుంటారు. ఐదో మనిషి మంచం కింద బోర్లా పడుకుని, బిస్కెట్ల డబ్బా మూత ఊడక గోళ్ళు అరగదీసుకుంటోంది. ఆమెకు పదహారేళ్ళు. ఇంట్లో ఆమెను బీరువా అంటారు. ఆ పేరు పెట్టింది అన్న. లోపల ఏం పెట్టినా బయటికి మాట రాదు కాబట్టి అది అతికినట్టు సరిపోయింది.

బీరువాకు ఆ రోజు డబ్బు కావాలి. వీధి చివర సైకిళ్ళు బాగుచేసే ఆయన దగ్గర ఒక పాత ఆకుపచ్చ సైకిలు అమ్మకానికి ఉంది. "ఇంకో ఆయన వచ్చి బెల్లు కొట్టి చూసి వెళ్ళాడమ్మా. పొద్దుగూకేదాకా ఆపుతాను. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడాయన.

సైకిలు ఎందుకంటే, బయటికి చెప్పుకోలేని కారణమే. బడి నుంచి వచ్చే వ్యానులో దిగాల్సినవాళ్ళు "ఆపండి" అని అరవాలి. ఆ ఒక్క మాట అరవలేక ఆమె రోజూ తన వీధి దాటిపోయి, ఎవరో ధైర్యవంతులు దిగేచోట వాళ్ళ వెనకే దిగి, వెనక్కి నడిచొచ్చేది. ధైర్యవంతులు లేని రోజున చివరిదాకా వెళ్ళేది. ఆమె ఇల్లు అక్కడే అనుకుని డ్రైవరు ఒకసారి, "మీ వైపు నీళ్ళు బాగా వస్తున్నాయా?" అని అడిగితే, వస్తున్నాయని తలూపింది కూడా. సైకిలైతే ఎవరినీ బతిమాలక్కర్లేదు. బ్రేకు నొక్కితే ఆగుతుంది.

అందుకే కూడబెట్టింది. అసలు ఈ జబ్బు ఆమెకు పాలపళ్ళు ఊడే వయసులోనే పట్టుకుంది. అప్పట్లో దేనికోసమో కూడా తెలియదు. పెన్సిలు కొనుక్కోమని చిల్లర ఇస్తే, ఉన్న పెన్సిలు వేళ్ళకు దొరకనంత చిన్నదయ్యేదాకా చెక్కి, ఆ చిల్లర దాచేది. అక్షరాలు వంకరపోయినందుకు టీచరు చెవి మెలేస్తే, చెవి ఊరికే వచ్చింది కదా, పెన్సిలు కొనాలి అనుకుని సర్దుకునేది. వ్యాను బాధ మొదలయ్యాక ఆ చిల్లరకు ఒక గమ్యం దొరికింది.

ఆమె డబ్బా సంగతి మొదట కనిపెట్టింది అమ్మ. అమ్మ ముందుగదిలో కుట్టుమిషను మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతుంది. మిషనుకు మోటారు పెట్టించుకోవాలని దాచుకున్న డబ్బు తెచ్చి, "నీ దగ్గర ఉంచవే. మీ నాన్నకు చెప్పకు, ఇంటి ఖర్చులో కలిపేస్తాడు" అంది. వారం తిరక్కుండా నాన్న వచ్చాడు. "మీ అమ్మకు చెప్పకమ్మా" అని ఆయనా కొంత ఇచ్చాడు. తర్వాత అన్న వచ్చి ఇద్దరికీ చెప్పొద్దన్నాడు. చెప్పే మనిషైతే కదా.

అమ్మ కత్తిరించి పడేసిన ముక్కలు ఏరి ఆమె తలా ఒక సంచి కుట్టింది. అమ్మకు పరదా గుడ్డ, నాన్నకు ప్యాంటు గుడ్డ, అన్నకు గళ్ళ చొక్కా గుడ్డ, తనకు బడి యూనిఫాం గుడ్డ. అలా మంచం కింద ఒక బ్యాంకు వెలిసింది. మేనేజరూ తనే, కాపలా మనిషీ తనే. అన్నం తింటూ అందరి మొహాలూ ఒకసారి చూసి, మీ గుట్లన్నీ నా దగ్గరున్నాయి అనుకుని, తల వంచుకుని నవ్వుకునేది. గొంతుకు మెతుకు అడ్డం పడి దగ్గేది.

ఆ బ్యాంకుకు ఉన్న లోపం ఒక్కటే. మేనేజరుకు "లేదు" అనే మాట నోరు తిరగదు. అమ్మ తన డబ్బంతా తీసుకున్నాక కూడా, "ఇంకొంచెం సర్దవే" అని వస్తే, నాన్న సంచిలోంచి తీసి ఇచ్చింది. నాన్న తనది అడిగితే అన్న సంచి విప్పింది. అన్న వచ్చేసరికి విప్పడానికి మిగిలింది యూనిఫాం గుడ్డ సంచే. అదీ విప్పింది. ఒక్కరినీ ఒట్టి చేతులతో పంపలేదని గర్వపడింది కూడా. నానమ్మ అయితే దాచుకోవడానికి ఏనాడూ రాలేదు, నేరుగా అప్పుకే వచ్చింది. ఒక కాడ విరిగిన కళ్ళజోడు తాకట్టు పెట్టి మరీ తీసుకుంది.

మూత ఊడింది. నాలుగు సంచులూ ఆకలేసిన పొట్టల్లా లోపలికి అంటుకుపోయి ఉన్నాయి. వాటి మీద నుంచి నానమ్మ కళ్ళజోడు ఆమెను పరిశీలనగా చూస్తోంది.

ఇక చేయగలిగింది అడగడమే. పొద్దుగూకేలోగా సైకిలు రావాలంటే నోరు తెరవాలి.

నాన్న స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. ఆమె కింద నిలబడి స్టూలు పట్టుకుంది. "పోయిన నెల... మీరు..." అంది.

"పోయిన నెల తీసుకున్నదా?" నాన్న గొంతు తగ్గించాడు. "అది నా దగ్గరెక్కడుందమ్మా. పళ్ళు కట్టించుకోవాలని మా అమ్మ అడిగింది. ఎలా కాదంటాను? ఆ గుడ్డ ఇలా అందుకో."

అమ్మ మిషను ఆపకుండానే విన్నది. "నేనేం తిన్నానా? కొత్త కళ్ళజోడుకని మీ నానమ్మ అడిగింది. అత్తగారికి లేదంటే నా పరువేం కాను?"

అన్న ఫోన్లు బాగుచేసే షాపులో పని నేర్చుకుంటున్నాడు. ఎవరిదో ఫోను బల్ల మీద విప్పి పెట్టుకున్నాడు. "ఊదకు, స్క్రూ పోతుంది" అన్నాడు. ఆమె ఊదలేదు, మాట్లాడబోయింది. "నీ డబ్బు కోసమేనా? మోకాళ్ళకు పట్టీలు కావాలని నానమ్మ గుంజుకుందే బీరువా. ఆవిడతో నువ్వే మాట్లాడుకో."

ఆమె ఆలోచించింది. నానమ్మ నోట్లో ఆ పాత పళ్ళే ఉన్నాయి. కొత్త కళ్ళజోడు ఎవరూ చూడలేదు. మోకాళ్ళకు పాత తువ్వాలే చుట్టి ఉంది.

వెనక గదిలో నానమ్మ ఇనప పెట్టె మీద కూర్చుని, కళ్ళు చికిలించి సూదిలో దారం ఎక్కించుకుంటోంది. ఆమె గుమ్మంలో నిలబడింది. నిలబడే ఉంది.

"అడగడానికి వచ్చావా, గోడకు ఆసరాగా వచ్చావా?" అంది నానమ్మ.

కిటికీలో ఎండ పచ్చబడుతోంది. సైకిలు షాపు ముందు ఎవరో బెల్లు కొడుతున్నట్టు ఆమెకు చెవిలో మోగింది.

"నా డబ్బు ఇవ్వు నానమ్మా."

తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ముందుగదిలో మిషను ఆగిపోయింది.

"నా కళ్ళజోడు తెచ్చివ్వు ముందు. కళ్ళు కనబడకుండా ఏం లెక్కపెట్టను?" అంది నానమ్మ.

ఆమె పరిగెత్తి తెచ్చింది. నానమ్మ ఒక కాడ చెవికి తగిలించుకుని, రెండోవైపు చేత్తో పట్టుకుని, పెట్టె తెరిచింది. మడతబట్టల అడుగున మూట ఉంది. అందులోంచి ఆమె వంతు తీసి ఇచ్చింది. ఆమె దాచినదంతా ఉంది. అన్నకిచ్చింది కూడా ఉంది.

"వాళ్ళు ముగ్గురూ రోజుకొకరు నీ మంచం కిందకు దూరడం చూడలేదనుకున్నావా?" అంది నానమ్మ. "ఏ సాకు చెబితే ఎవరు రాలుస్తారో నాకు తెలుసు. నువ్వు బీరువావి కాదే, తలుపులేని గుమ్మానివి."

"మరి వాళ్ళది?"

"వచ్చి అడగమను. అడగరు. అడిగితే ఒకరి దాపరికం ఇంకొకరికి తెలిసిపోదూ?"

ఆమె నోట్లు యూనిఫాం గుడ్డ సంచిలో పెట్టి ముడి వేసింది. వెళ్ళబోతుంటే నానమ్మ పిలిచింది. గొంతు ఉన్నట్టుండి నీరసపడింది. చెయ్యి మోకాలి మీదకు చేరింది.

"అందులోంచి ఒక్క నోటు సర్దవే తల్లీ. నిజంగానే పట్టీలు కొనుక్కోవాలి. వారంలో ఇచ్చేస్తాగా."

ఆమె చెయ్యి తనంతట తనే సంచి ముడి మీదకు వెళ్ళింది. దానికి అలవాటైన దారి అదే. ముడి సగం విప్పింది కూడా. నానమ్మ మోకాలు నొక్కుకుంటూ, కళ్ళజోడు పైనుంచి ఆ వేళ్ళనే చూస్తోంది.

"లేదు నానమ్మా" అంది.

అనేసి, ఆ మాట ఎంత చిన్నదో చూసి తనే ఆశ్చర్యపోయింది. ఇంత తేలిగ్గా వచ్చేదైతే "ఆపండి" కూడా ఎప్పుడో వచ్చి ఉండేది. ఈ సైకిలూ అక్కర్లేదు, బ్యాంకూ అక్కర్లేకపోను. ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఏం లాభం, సైకిలు మాత్రం కొనకుండా ఊరుకోలేదు తను.

"ఇంకోసారి అను" అంది నానమ్మ.

"లేదు. నాకు సైకిలు కావాలి."

నానమ్మ మోకాలు నొక్కుకోవడం మానేసి చటుక్కున లేచింది. నొప్పి ఉన్న మనిషిలా లేవలేదు. ఆమె భుజం పట్టుకుని గుమ్మం బయటికి జరిపి, "పొద్దుగూకుతోంది, పో" అని మొహం మీదే తలుపు వేసేసింది.