బ్రాకెట్లో తమిళం

జిరాక్స్ మిషన్ వేడెక్కేలోపు జ్ఞానప్రకాశం కంప్యూటర్లో తన పేజీలన్నీ ఒకసారి చూసుకుంటాడు. బిట్రగుంట స్టేషన్ రోడ్డులో అతని కొట్టు. ఇంటర్నెట్‌లో పదిమందీ కలిసి పైసా తీసుకోకుండా రాసే విజ్ఞాన సర్వస్వంలో, పరభాషల లింకుల పక్కన బ్రాకెట్లో ఆ భాష పేరు పెట్టడం అతను నెత్తికెత్తుకున్న పని. చదివేవాళ్లు లింకు నొక్కాక తెలియని భాష ఎదురై బిక్కమొహం వేయకూడదు, అంతే.

మనిషికి అనుమానం జాస్తి. భార్య జయశీల మొప్పలెత్తి చూసి కొన్న చేపను ఇంట్లో తనూ మొప్పలెత్తి చూస్తాడు.

కావలి దగ్గర ఎప్పుడో జరిగిన క్రైస్తవ సభల పేజీలో ఒక ప్రసంగం వీడియో ఉంది. దానికి అతను ‘తమిళం’ అని పెడితే, ఎవరో పేరు చెప్పకుండా పక్కన ‘తెలుగు’ చేరుస్తున్నారు. తీసేసినకొద్దీ చేరుస్తున్నారు. అతను వీడియో తెరిచే చూశాడు. వీడియో పేరు తమిళంలో ఉంది, బోధకుడూ తమిళుడే. కొట్టు కంప్యూటరుకు స్పీకర్లు మాత్రం లేవు.

అనుమానమంతా టైటస్ మీదే. రైల్వేలో రిటైరై, రోజూ కొట్టు బెంచీ మీద కూర్చుని ఫోన్ నొక్కే ఆ పెద్దాయన తప్ప ఆ పేజీ సంగతి అడిగేవాళ్లు లేరు.

“దాన్ని చివరిదాకా వినినావా, అబ్బయా?” అన్నాడు టైటస్ ఆ పొద్దున.

“చూసినానన్నా. తమిళమే.”

“చూసినావులే. విను.” చేతిరుమాలులో చుట్టిన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

“నీదేమన్నా వుండాదా అందులో?”

“నాదేముంటాది? దేవుడి మాటలు,” అని, రొమ్ము రుద్దుకుంటూ లేచి వెళ్లాడు టైటస్.

నీళ్లు నమిలాడంటే దొంగ ఇతనే. జ్ఞానప్రకాశం వెంటనే ఆ విజ్ఞాన సర్వస్వం నిర్వాహకులకు ఫిర్యాదు పెట్టాడు. మధ్యాహ్నానికల్లా, వాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోకుండా పేజీకి తాళం పడింది. ఆ పూట అన్నం హాయిగా తిన్నాడు.

సాయంత్రం టైటస్ చెల్లెలు మగ్దలీనమ్మ ఒక పాత ఫొటో తెచ్చింది.

“అన్న పొయినాడయ్యా. మజ్జాన్నం పడుకున్నోడు మళ్లా లేవలా. రేపు మట్టి. ఇది పెద్దది చేసియ్యి.”

ఫొటోలో వేదిక మీద రెండు మైకులు. ఒకదాని ముందు ఆ తమిళ బోధకుడు, రెండోదాని ముందు నల్లటి మీసాల టైటస్.

“అయ్యగారు తమిళంలో చెప్తావుంటే మా అన్నే తెలుగులో చెప్పినాడు. అది తనేనని చెప్పుకోకూడదంటాడు, మళ్లా దాన్నే వింటా వుంటాడు.”

ఆమె వెళ్లాక టైటస్ ఇయర్‌ఫోన్లు కంప్యూటరుకు తగిలించి వీడియో విన్నాడు. ఒక మాట తమిళం, వెంటనే ఒక మాట తెలుగు. ఆ గొంతు రోజూ బెంచీ మీద వినే గొంతే. గబగబా ‘తెలుగు’ అని చేర్చబోయాడు. మార్చడానికి పేజీ తెరుచుకోలేదు. తాళం వేయించింది తనే.

తీయమని నిర్వాహకులకు రాశాడు. జవాబు లేదు. చీకటి పడుతుండగా షట్టర్ సగం దించి, లోపల నిలబడిపోయాడు. బల్ల మీద, చేతిరుమాలులో పెట్టిన ఇయర్‌ఫోన్లలోంచి టైటస్ గొంతు ఇంకా సన్నగా వినిపిస్తూనే ఉంది.