లైన్లో కూర్చున్న నీడ

పళ్ల డాక్టరమ్మ ఆ వారమంతా క్లినిక్కి వెళ్లేముందు పెన్నుల షాపు దగ్గర కారాపి, తన నీడ లైన్లో సరిగ్గా ఉందో లేదో చూసుకుని వెళ్లేది. సోమవారం పొద్దున వదిలిపెట్టింది దాన్ని. తుంపర పడినా, బస్సులు బురద చిమ్మినా కదలకుండా నిలబడింది. షాపు ముందు అలాంటి నీడలు పదహారున్నాయి. మనుషులు మాత్రం ఎవరి పనుల మీద వాళ్లు తిరుగుతున్నారు. శనివారం పదింటికి తలుపు తీసే వేళకి వచ్చి, ఎవరి నీడలో వాళ్లు నిలబడితే సరిపోతుంది.

ఆమెది రెండో చోటు. మొదటిది కొలతల మాస్టారిది. భూములు కొలిచే ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన ఒంటరి మనిషి. ఇద్దరూ ఒకే కంపెనీ పెన్నులు సేకరిస్తారు. ఇద్దరి దగ్గరా పదకొండేసి ఉన్నాయి. రాబోయే రోలర్‌బాల్ పెన్ను పన్నెండోది. దాని ముదురాకుపచ్చ పూతని చేత్తో రుద్ది నిగారింపు తెచ్చే ముసలి పనివాడు, ఇదే నా ఆఖరి పెన్నని చెప్పేశాడు. ఈ షాపుకి వచ్చేది ఒక్కటే.

ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ పడదు. ఎనిమిదో పెన్ను వచ్చిన రోజున మాస్టారు ఆమెకి ఫోన్ చేసి, "షాపు మూసేశారమ్మా, రాకండి" అని చెప్పి, తాను వెళ్లి కొనుక్కున్నాడు. ఆమె తన ఎనిమిదోదాని కోసం ఏడాది తిరగాల్సొచ్చింది.

శనివారం తొమ్మిదిన్నరకి డాక్టరమ్మ వచ్చేసరికి మాస్టారి నీడ కూర్చుని ఉంది.

లైన్లో పెట్టిన నీడలు కూర్చోవు. అది మోకాళ్లు మడిచి, గోడకి చేరగిలబడి, అరచెయ్యి ఎడమ రొమ్ము మీద ఆనించుకుంది. ఈయన రాకపోతే పెన్ను నాదే అన్నది ఆమెకి ముందుగా తట్టిన మాట. ఆ తర్వాతే క్లినిక్ గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషి "నొప్పేం లేదండీ" అంటుండగానే గోడ మీద అతని నీడ దవడ పట్టుకుంటుంది. మర్నాటికి ఆ మనిషీ పట్టుకుంటాడు. ఎన్నిసార్లు చూసిందో.

అంతలో మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని హుషారుగా వచ్చాడు.

"ఏంటి డాక్టరమ్మా, నా నీడని అలా చూస్తున్నారు? దిష్టి తగిలేను."

"మాస్టారూ, ఎడంచెయ్యి లాగుతోందా? ఆ చెమటలేంటి?"

"నడిచొస్తే చెమట పట్టదా?"

"మీ నీడ కూర్చుంది, చూడండి."

"వారం నుంచి నిలబడింది పాపం, దానికి మాత్రం కాళ్లు పీకవూ?"

"నాతో పెద్దాస్పత్రికి రండి. ఇప్పుడే."

మాస్టారు పకపకా నవ్వాడు. "ఎనిమిదో పెన్ను సంగతి ఇంకా మర్చిపోలేదన్నమాట! ఎత్తు బాగానే వేశారు. కానీ నేను కదలను."

లోపల షాపాయన మఖమలు గుడ్డ మీద పెన్ను పెట్టాడు. అందరి మెడలూ ఒకేసారి సాగాయి. అద్దం వెనక అది తడిసిన ఆకులా మెరిసింది. డాక్టరమ్మ అద్దం వైపు ఒకడుగు వేసి ఆగింది. ఇంకా పదిహేను నిమిషాలుంది. మాస్టారు తన నీడని కాలితో మెల్లిగా తట్టి, "లే, లే" అన్నాడు. అది లేవలేదు. రొమ్ము మీద చేతిని ఇంకా గట్టిగా అదుముకుంది.

ఇక మాటలతో పని కాదని ఆమెకి అర్థమైంది. తన నీడ దగ్గరికెళ్లింది.

"పద, వెళ్దాం" అంది.

అది లైన్లోంచి బయటికొచ్చి ఆమె మడమలకి అతుక్కుంది. వెనకనున్న సంగీతం టీచరమ్మ నీడ చటుక్కున ముందుకి జరిగి ఆ ఖాళీలో నిలబడింది.

మాస్టారి నవ్వు ఆగిపోయింది. ఖాళీ పూడిన చోటు వంక, ఆమె మొహం వంక మార్చి మార్చి చూశాడు.

"నిజంగానే పోగొట్టుకున్నారా మీ చోటు?"

"మీరు బయల్దేరండి."

అప్పుడు ఆయన చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికెళ్లింది. "తెల్లారినప్పట్నుంచీ కాస్త లాగుతూనే ఉంది. పక్క సరిగ్గా కుదరలేదేమో అనుకున్నా" అన్నాడు, చిన్నగా.

నీడ నడవలేకపోయింది. డాక్టరమ్మ దాని చంకల కింద చేతులేసి లేపి, కారు వెనక సీట్లో పడుకోబెట్టింది. ఆస్పత్రి మెట్ల మీద మాస్టారి మోకాళ్లు మడతపడ్డాయి. స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు.

నర్సు ఒక కాగితం, దారంతో కట్టిన బాల్‌పెన్నూ ఇచ్చింది. పేషెంటుకి మీరేమవుతారని ఓ గడి ఉంది. చుట్టం కాదు. స్నేహితురాలని రాయడానికి చెయ్యి రాలేదు. చాలాసేపు ఆలోచించి, 'లైన్లో వెనక మనిషి' అని రాసింది. నర్సు చదివి, "కింద సంతకం పెట్టండి" అంది.

రెండు గంటల తర్వాత గుండె డాక్టరు బయటికొచ్చి మాస్కు దించాడు. "నాళం పూర్తిగా మూసుకుపోయింది. తెరిచాం. ఇంకో పావుగంట ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదు" అని చెప్పి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ బెంచీ మీద కూలబడింది.

కాసేపటికి తలుపు సందులోంచి నర్సు తల బయటపెట్టి, చేతిలోని కాగితం చూసి గట్టిగా పిలిచింది.

"లైన్లో వెనక మనిషి ఎవరండీ? ఆయన మిమ్మల్ని రమ్మంటున్నారు."