పలుకని మోటారుసైకిలు

గ్రీష్మాంతమున కురిసిన తొలివానకు తడిసిన ఆదవాని ప్రాంతపు నల్లరేగడి నేలలు వెచ్చని యావిరులు గ్రక్కుచు పరిమళించుచుండ కార్మొయిళ్ల సందులనుండి వెలువడిన ప్రాతఃకాల సూర్యకిరణములు ప్రత్తిమిల్లుల రేకులకప్పులపై తళతళ మెఱయుచుండ ఊరిచివర నొక పెంకుటింటి పంచలో పంపాపతి యను నేబదియైదేండ్ల గృహస్థుడు గోనెపట్టాలను తొలగించి పండ్రెండేండ్లుగా వెలుగెఱుగని తన మోటారుసైకిలును వెలికిదీసెను.

అతడు పురపాలక సంఘపు నీటి పంపులను నడుపువాడు. యంత్రముల యవ్యక్తభాషణముల నెఱిగిన నేర్పరి. పండ్రెండేండ్ల క్రిందట నొక వర్షదినమున భార్యయగు బసమ్మను వెనుక కూర్చుండబెట్టుకొని కాలువ వంతెన దాటుచుండగా బురదలో చక్రము జాఱి యిరువురును పడిరి. అతనికి గీతమాత్రమైన గాయము లేకుండెను. ఆమె యెడమచేయి విఱిగి యతుకుకొనియు వంకరగానే మిగిలెను. నాడు గోడవార నిలిపిన యా వాహనమును పంపాపతి మరల ముట్టలేదు. ఏల ముట్టలేదో అతడు చెప్పలేదు. బసమ్మయు నడుగలేదు.

ఇప్పుడు వారి యేకైకపుత్రిక నీలాంబికకు పశువైద్యశాలలో సహాయకురాలి యుద్యోగము లభించెను. ఆమె తిరుగవలసిన పల్లెలకు దినమున కొక్కటే బస్సు. సోమవారమునాడు కొలువున చేరవలెను. నాయన బండిని బాగుచేసి యిమ్మని యామె యడిగినపుడు పంపాపతి కాదనలేదు సరికదా తా నేల కాదనలేదో తనకే తెలియక తికమకపడెను. బసమ్మ మాత్రము చేతనున్న చేటను దించి లోనికి బోయెను.

శుక్రవారమున అతడు తొట్టిలోని చెడిన పెట్రోలును పాఱబోసి త్రుప్పు కడిగి కార్బురేటరు విప్పి సూక్ష్మరంధ్రముల నన్నిటిని ఊది శుభ్రపఱచెను. క్రొత్త ప్లగ్గు బిగించి క్రొత్త బ్యాటరీ నమర్చి చమురు మార్చెను. ప్లగ్గున నీలిరవ్వ చక్కగా పుట్టుచుండెను. పెట్రోలు నిరాటంకముగా దిగుచుండెను. అయినను ఎన్ని మార్లు కిక్కు కొట్టినను ఆ యంత్రము ఒక్కసారి దగ్గినట్లు ధ్వనించి మరుక్షణమే మూగవోవుచుండెను. శనివారమున మెకానిక్కు హుస్సేన్ పీరా వచ్చి మధ్యాహ్నముదాక పరిశీలించి అన్నియు సరిగానే యున్నవని చెప్పి సరిగా నున్నది నడవకుండుట తన యనుభవములో లేదని తల గోకుకొనుచు వెడలిపోయెను.

ఆదివారమున పంపాపతి తాను నమ్మిన యంత్రశాస్త్రమునే శంకింపసాగెను. ఈ వాహనము తనపై నలిగెనా యను వెఱ్ఱి తలంపుకూడ నతనికి గలిగెను. అంతట నీలాంబిక వ్యాధిగ్రస్తమైన దూడ ముట్టెచెంత చేయి యుంచినట్లు సైలెన్సరు చివర నఱచేయి యుంచి తండ్రిని మరియొకసారి కిక్కు కొట్టుమనెను.

"నాయినా, దీనికి ఊపిరే రావడం ల్యా" అని యామె పలికెను.

పంపాపతి తీగను కొక్కెముగా వంచి యా గొట్టములో జొనిపెను. మొదట నెలుకగూ డనుకొనెను. కాని వెలికివచ్చినది గట్టిగా మడచి కూరిన పసుపుపచ్చని చీరపేలిక. దాని వెనుక మరియొకటి. దాని వెనుక నింకొకటి. అది వంతెనపై పడిననాడు బసమ్మ కట్టుకొన్న చీర. ఈ పని యెవరిదో యేల చేసిరో యూహకందక యతడు ఆ పేలికలను పట్టుకొని నిలిచియుండగా బసమ్మ గడపలోనికి వచ్చెను.

"పెట్టింది నేనేనయ్యా. ఆసుపత్రి నుంచి వచ్చిన దినమే పెట్టినా. నువ్వు మళ్లా ఎక్కి పడతావని భయమైంది."

"నేను మళ్లా ఎక్కల్లని ఎప్పుడూ అనుకోలేదు కదే. నిన్ను పడేసిన బండిని ముట్టనని ఒట్టు పెట్టుకుంటి."

"అట్లని నాకెప్పుడన్న చెప్పినావా?"

తన సంయమమే యా వాహనము నాపెనని యతడును తన పేలికలే యాపెనని యామెయు పండ్రెండేండ్లు నమ్మియుండిరి. ఆమెపై కోపింపవలయునో తన్ను చూచి నవ్వుకొనవలయునో నిర్ణయింపజాలక అతడు మరల కిక్కు కొట్టెను. నాలుగవ ప్రయత్నమున ఆ యంత్రము తెల్లని పొగను వెడలించి ఇల్లదరునట్లు మ్రోగెను.

మరునాటి యుదయమున నీలాంబిక తల్లి చెప్పిన జాగ్రత్తల నన్నిటిని విని తలయూచి ఆ వాహనము నెక్కి సాగిపోయెను. ఏకగృహమున వసించు నిరువురు ఒకే భయమును వేర్వేఱుగా మోసినచో దాని బరువు సగము గాదు, రెట్టింపగును. ఈ సత్యమును పంపాపతి స్పష్టముగా నెఱిగెనని చెప్పజాలము. వాహనధ్వని దూరమున నణగువఱకు అతడు దిగ్భ్రాంతుడై వీధిలోనే నిలిచియుండెను. ప్రక్కన నిలిచిన బసమ్మ రహదారివంకనే చూచుచు, సాయంత్రము బిడ్డ వచ్చినతర్వాత తన్నొకసారి వెనుక కూర్చుండబెట్టుకొని సంతకు దీసికొనిపోదువా యని మెల్లగా నడిగెను.

ఏండ్లతరబడి యే మాటకును ఆమెను మరల ప్రశ్నింపని యా మనుష్యుడు ఆమెవైపు తిరిగెను.

"ఏమంటివి?"

ఆమె మరల చెప్పెను.