కదలకూడనివి

“అయితే మూడు రోజులు ఖాళీ అన్నమాట,” అన్నారు మావారు, సోఫాలోంచి తల ఎత్తకుండా.

ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఆయన చొక్కా చేతిలో అలాగే ఉండిపోయింది. అయ్యో, నోరు జారానే అనుకున్నాను. నేను చెప్పింది అది కాదసలు. సర్క్యూట్ బోర్డు మీద ఏ పార్టు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడం నా ఉద్యోగం. కొత్త బోర్డులో ఎనిమిది వందల నలభై పార్టులు, గోరు మీద అరడజను పట్టేంత చిన్నవి. ఒక్కోదాన్నీ మౌస్‌తో లాగి, తిప్పి, పెట్టేసరికి మూడు రోజులు పట్టేది, మెడ కూడా పట్టేసేది. వంటకీ ఆఫీసుకీ మధ్య దొరికిన ముక్కల్లో కూర్చుని, రెండు నెలలు కష్టపడి ఒక ప్రోగ్రాం రాశాను. ఆ బోర్డులో ఒకే సర్క్యూట్ పదహారు సార్లు వస్తుంది. చిప్‌కి ఏది ఎంత దగ్గరుండాలో చూసుకుని ఒకదాన్ని నేను చేత్తో సర్దుతాను, మిగతా పదిహేనూ ప్రోగ్రామే అచ్చం అలాగే పేరుస్తుంది. నాలుగే నాలుగు నిమిషాలు! తెర మీద అవి గబగబా వాటి చోట్లలో కూర్చుంటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. సంతోషం పట్టలేక చెప్పాను. ఆయన చెవికి మూడు రోజులు మాత్రమే చేరాయి.

మర్నాటికల్లా మావారు ఆ మూడు రోజులూ పంచేశారు. మోకాలి వ్యాయామాలకి అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లడం నాది, బీరువాలు సర్దడం నాది, గోడలకి రంగులేసేవాళ్ల దగ్గర కాపలా ఉండటం నాది. “ఎలాగూ నీ పని కంప్యూటరే చేస్తోందిగా!” ఆఫీసులోనూ ఇదే తంతు. మా టీం లీడ్ “అదరగొట్టావమ్మా” అని, ఆ నోటితోనే ఇంకో రెండు బోర్డులు నా నెత్తిన పెట్టాడు. గురువారం పదింటికి పైవాళ్లు ఈ ప్రోగ్రాం చూస్తారట. చూపించినవాళ్ల చేతికే కొత్త విభాగం వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. “నేను చూపిస్తాలే. నువ్వు ఫోన్లో ఉండు, ఏదైనా అడిగితే చెబుదువుగాని. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, నీకెందుకమ్మా ఈ తిప్పలు,” అన్నాడు. జాలిగా అన్నాడు పైగా! నాది పదకొండేళ్ల ఉద్యోగం, అతనిది ఆరు. నేను “సరేనండి” అన్నాను. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఖర్మ.

గురువారం పదింటికే అత్తయ్యకి ఆసుపత్రిలో టైమిచ్చారు. “ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చోవచ్చుగా,” అని మావారు తేల్చేశారు.

బుధవారం మధ్యాహ్నం ఇంటి నుంచే పనిచేస్తూ ప్రోగ్రాంని చివరిసారి సరిచూస్తున్నాను. నా బల్ల ఇప్పుడు వాషింగ్ మిషన్ పక్కన ఉంది. ఈ ఏడాదిలో ఇది నాలుగో చోటు. మరిది వచ్చి పది రోజులుంటే హాల్లోంచి పడకగదికి పోయింది, మావారికి లైటు పడి నిద్ర పట్టడం లేదంటే వరండాలోకి, వానకి తడిస్తే ఇక్కడికి. ప్రోగ్రాం మొదటిసారి నడిపినప్పుడు చేసిన తప్పు గుర్తొచ్చింది. బోర్డు మీద కదలకూడనివి కొన్ని ఉంటాయి. స్క్రూ రంధ్రాలు, కరెంటు వైరు గుచ్చే సాకెట్ లాంటివి. బోర్డుని బిగించే డబ్బాకి కంత ఎక్కడుంటే సాకెట్ దానికి ఎదురుగా ఉండి తీరాలి. వాటి జాబితా ముందే ఇవ్వాలి, నేను మరిచిపోయాను. ప్రోగ్రాం ఖాళీ చూసుకుని సాకెట్‌ని తీసుకెళ్లి బోర్డు నట్టనడుమ కూర్చోబెట్టింది. వైరు గుచ్చాలంటే డబ్బా పగలగొట్టాల్సిందే! ఆ రోజు పగలబడి నవ్వాను. ఇప్పుడు నవ్వు రాలేదు. మావారి సాయంత్రం నడక కదలదు, ఆయన సోఫా కదలదు, అత్తయ్య సీరియల్ కదలదు, లీడ్ గారి టీ కదలదు. జాబితాలో లేనిది నేనొక్కదాన్నే. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడికి జరిపేస్తారు. ఒళ్లు మండింది, వాళ్ల మీదా, నోరెత్తని నా మీదా.

అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు తెర వంక చూశారు.

“పని తొందరగా అయిపోయిందని ఎవరైనా చెప్పుకుంటారుటే, పిచ్చిమొహమా?”

“అదేంటత్తయ్యా?”

“కుట్టుమిషన్ నేర్చుకున్న కొత్తలో రోజుకి నాలుగు గౌన్లు కుట్టేదాన్ని. నా చెయ్యి మహా జోరని మీ మావగారు ఊరంతా చాటారు. ఇంక చూడు! తోడికోడళ్ల బట్టలు, ఆడపడుచుల బట్టలు, వాళ్ల పిల్లల బట్టలు. నాకోసం ఒక్కటంటే ఒక్కటి కుట్టుకున్న పాపాన పోలేదు.”

“మరేం చేశారు?”

“ఏం చేస్తాను, మిషన్ పాడైందని అబద్ధమాడి మూలన పడేశా. తుప్పు పట్టిపోయింది. నువ్వూ చెప్పెయ్, అదేదో చెడిపోయిందని.”

సలహా బాగానే ఉంది. నాలుగు నిమిషాల్లో చేసేసి, మూడు రోజులు పట్టిందని చెప్పి, మిగతా టైమంతా దాచుకోవచ్చు. కానీ అడగకుండా ఉండలేకపోయాను.

“ఇప్పటికీ కుట్టాలనిపిస్తుందా అత్తయ్యా?”

ఉతికిన బట్టల బుట్టలోంచి తీసిన దిండు గలీబు ఆవిడ ఒళ్లో ఉంది. వేళ్లు దాని అంచు కుట్టు వెంట మెల్లగా నడిచాయి.

“ఎందుకనిపించదు,” అని లేచి వెళ్లిపోయారు.

లీడ్‌కి మెసేజ్ పెట్టాను. “రేపు పదింటికి ఆఫీసుకి వస్తున్నాను. ప్రోగ్రాం నేనే చూపిస్తాను.” చదివినట్టు గుర్తు కనబడింది, జవాబు రాలేదు. భయమేసింది. అయినా ఆ మెసేజ్ చెరిపెయ్యలేదు.

మావారు నడక నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే చెప్పాను. “రేపు అత్తయ్యని మీరు తీసుకెళ్లండి.”

“రేపా? పదింటికి నాకు మీటింగ్. నువ్వు ఒక్కరోజు ఫోన్లో కానిస్తే కొంపలేం మునుగుతాయి?”

లోపల గదిలో టీవీ ఆగిపోయింది. సీరియల్ మధ్యలో అత్తయ్య టీవీ కట్టెయ్యడం ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

“మునగవు,” అన్నాను. “మీరు ఫోన్లో కానిచ్చినా మునగవు. మీ మీటింగ్ కాస్త పక్కకి జరపండి. నాది కదలదు.”