పన్నెండో ఇస్త్రీపెట్టె

చింతపండు గుజ్జులో ఇటుకపొడి కలిపి దేవరాజులు ఏడో ఇస్త్రీపెట్టె మూత తోముతున్నాడు. అప్పటికే ఆరు తోమి, తుడిచి, వసారాలో చాప మీద వరసగా పెట్టాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, గొంతుక్కూర్చుని, ఇత్తడి మీద బొటనవేలితో గుండ్రంగా రుద్దుతున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. సన్నటి మెడ, ముందుకు వంగిన భుజాలు, ముక్కు మీద నిలవని కళ్ళజోడు. ముప్పై ఏళ్ళు రికార్డు గదిలో దుమ్ము పీల్చినందుకు పొద్దున పూట పొడిదగ్గు. ఆఫీసులో దేవరాజులు ఎవరని అడిగితే సగంమంది ఆలోచిస్తారు. ఇస్త్రీపెట్టెల దేవరాజులు అంటే మాత్రం అటెండరు కూడా సీటు చూపిస్తాడు.

మొత్తం పదకొండు ఉన్నాయి ఆయన దగ్గర. దర్జీలు వాడిన పొడుగు ముక్కుది ఒకటి. రాయవేలూరులో పాత సామాన్ల అంగట్లో దొరికిన దొరల కాలపుది ఒకటి. పిల్లల గౌన్లకు వాడే అరచేయంత చిన్నది ఒకటి. ఇవిగాక నీళ్ళు చిలకరించే ఇత్తడి చెంబు, అరిగిపోయిన ఉతుకుడు కర్ర, అంచు పగిలిన చాకలి బాన. సెలవు రోజుల్లో బస్సెక్కి చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి తిరిగి తెచ్చుకున్నవి.

"ఊళ్ళో వాళ్ళు స్టాంపులు దాచుకుంటారు, పాత నాణేలు దాచుకుంటారు. మీకు ఇవే దొరికినాయా?" అంటుంది భార్య పంకజాక్షి, వాటి చుట్టూ ఊడవాల్సి వచ్చినప్పుడల్లా.

ఆయన ఒక్కో పెట్టె ఎత్తి చీపురుకు దారి ఇస్తాడు. చెప్పడానికేముంది? గుమాస్తా ఇస్త్రీపెట్టె పట్టుకుంటే సరదా అంటారు, ఎవరూ కులం అడగరు. దేవరాజులు శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి రేవున బట్టలుతికిన చాకలి మునిరామయ్య కొడుకు. పేరు చివర రాజులు ఉండడం చూసి ఆఫీసువాళ్ళు వాళ్ళకు తోచింది అనుకున్నారు. ఈయన కాదనలేదు. అలా కాదనకుండా ఉండడంలోనే ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. తిరుపతిలో అసలు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పంకజాక్షి. ఆమెదీ ఆ కులమే గానీ, తాత కాలంలోనే వాళ్ళు చిత్తూరులో పోస్టాఫీసు ఉద్యోగాల్లో పడ్డారు. రేవు ఎట్లా ఉంటుందో ఆమె ఎరగదు. రెండోవాడు ఓబయ్య. పన్నెండేళ్ళుగా వీధి మొగదల తోపుడుబండి పెట్టుకుని, ఈ చుట్టుపక్కల ఇళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేవాడు. ఒకప్పుడు మునిరామయ్య పక్క బండ మీద ఉతికినవాడు.

తండ్రి పోయినప్పుడు దేవరాజులు కర్మకు వెళ్ళి ఆ సాయంత్రమే తిరుగుబస్సు ఎక్కాడు. "నాయన ఇస్త్రీపెట్టె తీసుకుపోతావా అప్పా?" అని ఓబయ్య అడిగితే, నాకెందుకన్నాడు. ఆ మాట అన్న ఏడాదికే మొదటి ఇస్త్రీపెట్టె కొన్నాడు. ఆ తర్వాత పది కొన్నాడు. ఏదీ అది కాలేదు.

ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం బాలికల హైస్కూల్లో పాత పనిముట్ల ప్రదర్శన. డ్రాయింగు టీచరు శకుంతలమ్మ ఇంటికొచ్చి మరీ అడిగింది. అందుకే ఈ తోమడం. ఎనిమిదోది అందుకుంటుండగా ఓబయ్య వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అరవై అయిదు దాటాయి. బొగ్గుల సెగకు కుడి చెంప ఎడమ చెంపకంటే నలుపు. ఒళ్ళో తుండుగుడ్డ చుట్టిన బరువేదో ఉంది.

"ఎవురన్నా ఉండారా లోపల?"

"ఆమె ఒక్కతే. చెప్పు ఓబయ్యా."

నలుగురిలో అయితే ఓబయ్య ఆయన్ను సార్ అంటాడు. ఎవరూ లేకపోతే అప్పా అంటాడు. వరస ప్రకారం దేవరాజులు ఆయన్ను చిన్నాయనా అనాలి. పన్నెండేళ్ళలో ఒక్కసారీ అనలేదు.

ఓబయ్య తుండుగుడ్డ విప్పాడు. మూత కొక్కెం మీద ఇత్తడి కోడిపుంజు, తోక కొన విరిగింది. కట్టె పిడి చేతి చెమటకు నల్లబడి, నడుమ అరిగి ఉంది. ఎక్కడ అరిగిందో దేవరాజులుకు చూడకుండానే తెలుసు.

"మాపటికి ఏర్పేడుకు పోతా ఉండా అప్పా. కూతురు రమ్మంటా ఉండాది. ఈ చెయ్యి ఇంక పెట్టె మోయదు. ఇది నీ కాడ ఉండనీ."

దేవరాజులు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తీసుకుని చాప మీద పన్నెండోదిగా పెట్టాడు.

"ఒక మాట అప్పా. ఇస్కూల్లో ఒక్కోదానికి చీటీ రాసి పెడతారంట గదా. దీనికి మునిరామన్న పేరు రాయి. నా పేరు వద్దు. నేను ఊరికే దాచినోణ్ణి."

"రాస్తాను."

"బస్సుకు పోయే ముందర వచ్చి సూసి పోతా. నాకు సదవను రాదులే, ఎవురితోనన్నా సదివించుకుంటా. నీ చొక్కాలు నాలుగు నా కాడ ఉండాయి. అవీ ఇచ్చేసి పోతా."

లోపలినుంచి పంకజాక్షి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈ ఆఖరుసారన్నా మా బట్టలకు గుర్తు పెట్టు ఓబయ్యా. పన్నెండేండ్లుగా మొత్తుకుంటా ఉండా. అందరివీ కలిసిపోతే మావి ఎట్ల తెలుస్తాయి?"

"నాకు తెలుస్తాదిలేమ్మా," అని నవ్వి ఓబయ్య లేచాడు.

వీధిలో ప్రతి ఇంటి బట్టలకూ ఓబయ్య నల్లజీడి రసంతో కాలరు లోపల గుర్తు పెడతాడు. ఇంటికో గుర్తు. బట్ట చిరిగిపోయినా అది పోదు. దేవరాజులు ఇంటి బట్టలకు మాత్రం పెట్టడు. ఎందుకు పెట్టడో పంకజాక్షికి తెలియదు. దేవరాజులుకు తెలుసు.

పదిహేడేళ్ళప్పుడు తిరుపతి హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే, నాయన ఉతికిన బట్టల మూటతో వచ్చాడు. ఎవరాయన అని గదిలో ఉండే దొరస్వామి అడిగాడు. మా ఊరి చాకలి అన్నాడు దేవరాజులు. అది అబద్ధం కూడా కాదు. కాకపోవడమే ఆయన్ను ఇన్నేళ్ళుగా తింటోంది. మునిరామయ్య తల వంచుకుని, "అవున్నాయనా" అన్నాడు. అయితే నావీ తీసుకుపో అని దొరస్వామి మూడు చొక్కాలు పడేశాడు. వారానికి అవి ఉతికి వచ్చాయి. దొరస్వామి చొక్కాల కాలర్లలో నల్లటి గుర్తు ఉంది. దేవరాజులు చొక్కాకు లేదు.

గేటు దాకా వెంటపడి వెళ్ళి విసుక్కున్నాడు కొడుకు. "వాడిదానికి పెట్టి నాదానికి పెట్టకపోతే వాళ్ళకు తెలిసిపోదా?"

"బయటి ఇండ్ల గుడ్డలకేరా గుర్తు. మన గుడ్డకు మనం పెట్టుకోము. పెడదామనే జీడి ముంచినా. చెయ్యి రాలా," అన్నాడు మునిరామయ్య.

మధ్యాహ్నం రెండుకల్లా దేవరాజులు హైస్కూలు హాల్లో బల్ల మీద పన్నెండూ సర్దాడు. అటుపక్క రోళ్ళు, సోలలు, తవ్వలు. ఇటుపక్క తాటాకు పుస్తకాలు. గుండ్రటి చేతిరాతతో ఒక్కో పెట్టెకూ చీటీ రాసి ఆనించాడు. పన్నెండో చీటీ దగ్గర కలం రెండుసార్లు మూశాడు, రెండుసార్లు తెరిచాడు. చివరికి రాశాడు: వాడినవారు మునిరామయ్య, స్వర్ణముఖి రేవు, శ్రీకాళహస్తి. కొడుకునని రాయలేదు. ఓబయ్య అంతవరకూ అడగలేదు గదా అనుకున్నాడు. అయినా రాశాక ఛాతీలో ఏదో తేలికపడింది. తండ్రి పేరు తన చేత్తో అంత పెద్ద అక్షరాల్లో రాయడం అదే మొదలు.

మూడు గంటలకు జనం పెరిగారు. "వీటిని ఎట్లా వాడేవాళ్ళో ఒకసారి చూపిస్తారా సార్? బొగ్గులు కూడా తెప్పించాను," అంది శకుంతలమ్మ. దేవరాజులు నాయన పెట్టె తెరిచి, నిప్పులు వేసి, కోడిపుంజు కొక్కెం బిగించాడు. విసనకర్రతో విసిరాడు. చుట్టూ మూగినవాళ్ళు చూస్తున్నారు. పిడి అరిచేతిలో సరిగ్గా కూర్చుంది. ఏం చేస్తున్నదీ తెలియకుండానే పెట్టె ఎత్తి కుడి చెంప దగ్గరికి తెచ్చి, సెగ ఎంత ఉందో చూసుకున్నాడు. రేవులో పుట్టినవాళ్ళు చేసే పని అది. పుస్తకాలు చదివి నేర్చుకున్నవాడైతే తడి వేలితో తాకి చూస్తాడు.

"భలే చేశారండీ దేవరాజులుగారూ," అని నవ్వు వినిపించింది. ఆఫీసు సూపరింటెండెంటు ముకుందం. కాఫీ గ్లాసు పట్టుకుని జనం వెనక నిలబడి ఉన్నాడు. "ఆ చెంప దగ్గర పెట్టుకోవడం అచ్చం మా వీధి చాకలిని చూసినట్టే ఉంది. ఎక్కడ నేర్చారు?"

ముకుందం మాటలో ఎకసెక్కెం లేదు. మంచి మనిషే. వంగి చీటీ చదివాడు. "మునిరామయ్య. ఎవరండీ, మీకు తెలిసినాయనా?"

"ఎవరో అండీ. అమ్మినవాడు చెప్పిన పేరు," అన్నాడు దేవరాజులు.

ముకుందం తల ఊపి తాటాకు పుస్తకాల వైపు జరిగాడు. జవాబు విన్నాడో లేదో కూడా తెలియదు. దేవరాజులుకు మాత్రం చెవులు కాలిపోయాయి. ఇంకెవరూ అడగకముందే చీటీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంకో కాగితం మీద పెట్టె పేరూ ఊరూ వేసి, వాడినవారి వివరాలు తెలియవు అని రాసి ఆనించాడు. ముకుందం వెళ్ళిపోగానే మార్చేద్దామనుకున్నాడు. ముకుందం కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

అంతలో ఓబయ్య వచ్చాడు. తలకు నూనె రాసుకుని, చలువ పంచె కట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. అక్కడ ఎవరూ చెప్పులు విడవలేదు. తిన్నగా పన్నెండో పెట్టె ముందుకొచ్చి, బల్లను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మా, ఈ చీటీలో ఏం రాసుండాదో రొంత సదివి పెడతావా?" అని శకుంతలమ్మను అడిగాడు.

ఆమె పైకి చదివింది. "బొగ్గుల ఇస్త్రీపెట్టె. శ్రీకాళహస్తి. వాడినవారి వివరాలు తెలియవు."

"ఇంకోతూరి సదువమ్మా."

ఆమె మళ్ళీ చదివింది.

"మనిషి పేరేం లేదా?"

"లేదు పెద్దాయనా. తెలియదనే రాశారు."

దేవరాజులు బల్లకు ఇవతల, మూడడుగుల దూరంలో ఉన్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. చీటీ వేళ్ళకు తగిలింది. ముకుందం ఇటే చూస్తున్నాడు. చెయ్యి బయటికి రాలేదు.

ఓబయ్య ఆయన వైపు తిరిగాడు. కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే దేవరాజులుకు కొంత నయంగా ఉండేది.

"అట్నా సార్," అన్నాడు. తర్వాత పెట్టె మూత తెరిచి, లోపలి నిప్పులు మూకుట్లోకి దులిపాడు. "అట్నే వదిలేస్తే అడుగు మాడిపోతాది." తుండుగుడ్డతో బూడిద తుడిచి, కొక్కెం బిగించి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. చిన్నాయనా అని పిలవడానికి దేవరాజులు నోరు తెరిచాడు. శకుంతలమ్మ ఏదో అడిగితే ఆమెకు జవాబు చెప్పాడు.

అయిదింటికి అందరూ వెళ్ళారు. ముకుందమూ వెళ్ళాడు. బంట్రోతు బెంచీలు సర్దుతుంటే దేవరాజులు జేబులోంచి నలిగిన చీటీ తీసి, చదును చేసి, పన్నెండో పెట్టెకు ఆనించాడు. మునిరామయ్య పేరు కాసేపు ఖాళీ హాల్లో ఉంది. తను చేస్తున్న పనికి తనకే సిగ్గేసి, దాన్ని తీసి పెట్టెలు గోనెసంచుల్లో కట్టుకున్నాడు.

రిక్షా వీధి మొగదలకు వచ్చేసరికి ఓబయ్య బండి మీద గోనెపట్టా కప్పి తాడు బిగించి ఉంది. కింద బూడిదకుప్ప మీద నీళ్ళు చల్లిన తడి. ఇంట్లోకి అడుగు పెట్టకముందే పంకజాక్షి ఎదురొచ్చింది.

"ఇందాకనే పోయినాడు ఓబయ్య. కాఫీ ఇస్తే తాగలా. బస్సు కదిలిపోయుంటాది ఈపాటికి." ఆమె ముఖం వెలిగిపోతోంది. "పన్నెండేండ్లకు నా మాట విన్నాడు. రండి సూడండి."

మంచం మీద నాలుగు చొక్కాలు ఉన్నాయి. ఆమె ఒకటి ఎత్తి కాలరు తిప్పి చూపించింది. గుర్తు ఉతకక ముందు పెట్టేది. ఇస్త్రీ చేసిన చొక్కా మీద ఏ చాకలీ జీడి పెట్టడు. ఇది ఇస్త్రీ అయ్యాకే పెట్టింది.

"నాలుగింటికీ పెట్టినాడు. ఇంక మన బట్టలు యాడా కలిసిపోవు. ఇంకా ఆరలేదు, చెయ్యి పెట్టొద్దండి. జీడికి చర్మం పొక్కుతాదంట, మరీమరీ చెప్పి పోయినాడు."

దేవరాజులు గోనెసంచి దించలేదు. నాయనకు రాని చెయ్యి ఓబయ్యకు వచ్చింది. వచ్చేలా చేసింది తనే. పంకజాక్షి కాఫీకి లోపలికి వెళ్ళింది. ఆయన వంగి మొదటి చొక్కా కాలరు మీద బొటనవేలు పెట్టి, చురుక్కుమనేదాకా అలాగే ఉంచాడు.

నాలుగు చొక్కాలూ మడత నలగకుండా, కాలర్లు పైకి తిప్పి పెట్టి ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక గీత, గీత కింద రెండు నల్ల చుక్కలు.