పాత ట్యాంకు దగ్గరే ఉండిపోయినవాడు

తమ్ముడు పోయిన నాలుగు నెలలకు, మేడ మీద నీళ్ళ ట్యాంకు మీటరు మార్చిన రోజున, వాడి గొంతు కూడా పోయింది.

నీటిమట్టం కొలిచే పాత మీటరు వానకు తడిసి చెడిపోయింది. ప్లంబరు కొత్తది బిగించి, వంటింటి గోడకున్న చిన్న తెర మీద అంకె కదలడం చూపించి వెళ్ళాడు. సాయంత్రం మోటారు వేసి పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. చెవి మాత్రం వంటింటి వైపే ఉంది. ఏమీ వినిపించలేదు. లేచి చూసేసరికి తెర మీద వంద ఉంది, మెట్ల మీంచి నీళ్ళు కారి వాకిట్లోకి వచ్చాయి.

మోటారు వేసి మరిచిపోవడం నాకు పాత జబ్బు. పేపర్ల కట్ట ముందు కూర్చుంటే ఒళ్ళు తెలియదు. అది చూడలేక తమ్ముడు ఒక సెలవు రోజు జావాస్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడు. వంటింటి అలమారలో పెట్టిన పాత కంప్యూటరు మీద అది పగలూ రాత్రీ నడుస్తుంది. నీటిమట్టం మారినప్పుడల్లా దానికి కబురు అందుతుంది. నిండగానే స్పీకరులోంచి తమ్ముడి గొంతు వస్తుంది. “అక్కా, ట్యాంకు నిండింది. మోటారు ఆపు. వీధంతా తడపడానికి మనమేమన్నా మబ్బులమా?”

వాడు పోయాక కూడా ఆ మాట రోజూ పొద్దున్నే వచ్చేది. “ఆపుతున్నాలేరా” అని పైకే అనేదాన్ని. సరిగ్గా ఆ వేళకే వాడి భార్యకి, మా మరదలికి, మేడ మీద ఏదో పని ఉండేది.

గొంతు ఆగిపోయిన వారానికి తమ్ముడి ఆఫీసు స్నేహితుణ్ణి పిలిపించాను. తమ్ముడు ఇతన్ని బక్కోడు అనేవాడు. మనిషి మా వంటింటి గుమ్మంలో పక్కకు తిరిగితే తప్ప పట్టలేదు. అలమార ముందు స్టూలు వేసుకుని కూర్చుని, కాసేపు చదివి, నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

“దొంగ! ఇదే తప్పు నేను ఆఫీసులో చేస్తే వారం రోజులు ఏడిపించాడక్కా. ఇంట్లో తనూ చేశాడన్నమాట.”

“ఏం తప్పు నాయనా? నాకు అర్థమయ్యేట్టు చెప్పు.”

“ప్రోగ్రాంలో ట్యాంకు అని ఒక ఆబ్జెక్ట్ ఉంది. డబ్బా అనుకోండి. అందులో మట్టం అని ఒక అర. ఆ అరలో అంకె మారితే చెప్పమని మీవాడు ఒక లిజనర్‌ని ఆ డబ్బాకి కట్టాడు. లిజనర్ అంటే వినేవాడు. బానే ఉంది. కానీ కొత్త మీటరు కలపగానే ప్రోగ్రాం కొత్త డబ్బా తెచ్చి పాత పేరే పెట్టింది. మీకు తెర మీద కనిపించేది కొత్తదాంట్లోని అంకె. వినేవాడు మాత్రం పాత డబ్బా దగ్గరే ఉండిపోయాడు.”

“మార్చారని అతనికి తెలియదా?”

“అరలో అంకె మారితేనే తెలుస్తుంది. డబ్బానే ఎత్తుకుపోతే ఎవరు చెప్తారు? పాతదాంట్లో అంకె అరవై రెండు దగ్గర ఆగిపోయింది. అక్కడ ఇంక మారేది లేదు, వాడికి కబురూ లేదు. వింటూనే ఉన్నాడు పాపం.”

మా బడిలో ఒకసారి ఆరో తరగతిని పై గదికి మార్చాం. ఆ రోజు రాని పిల్ల ఒకతి మర్నాడు పాత గదికే వెళ్ళి కూర్చుంది. మొదటి గంటంతా అలాగే కూర్చుంది, పుస్తకం తెరిచి పెట్టుకుని. నేను వెళ్ళి పిలిచేదాకా లేవలేదు.

“బాగు చెయ్యొచ్చా?” అన్నాను.

“ఒక్క వరుస రాస్తే చాలు. కొత్త డబ్బా వచ్చినప్పుడు వినేవాణ్ణి దానికి కట్టమని. ముందు రికార్డింగు బాగుందో లేదో చూద్దాం.”

ఏదో నొక్కాడు. “అక్కా, ట్యాంకు నిండింది” అని తమ్ముడు అన్నాడు.

వెనకాల కప్పులు గలగలమన్నాయి. మరదలు టీ తెస్తోందని నేను చూసుకోలేదు. ట్రే స్టవ్ పక్కన పెట్టింది. ముందు అతనితో మాట్లాడింది.

“అన్నయ్యగారూ, ఒక్క నిమిషం ఆపండి.” తర్వాత నా వైపు తిరిగింది. “మీకిది కావాలా వదినా?”

“కావాలి” అన్నాను.

“నాలుగు నెలలు విన్నాను. రోజూ పొద్దున్నే పిలుస్తారు. నేనిక్కడే, ఈ స్టవ్ దగ్గరే ఉంటాను. ఆయన పిలిచేది మిమ్మల్ని. మేడెక్కినా వినిపిస్తుంది. ఈ వారం రోజులే నాకు కాస్త నిద్ర పట్టింది.”

“మోటారు వేసేది నేను గనక...”

“తెలుసు వదినా. నాకు తెలియక కాదు.”

నేను బక్కోణ్ణి అడిగాను, “ఇందులో ఇంకేమైనా రికార్డింగులు ఉన్నాయా? ఈ అమ్మాయిని పిలిచినవి?”

అతను ఒక్కో ఫోల్డరూ తెరిచి వెతికాడు. చాలాసేపు వెతికాడు. “ఇదొక్కటే అక్కా” అన్నాడు, తెర మీంచి తల తిప్పకుండా.

“ఉండవు” అంది మరదలు. “నన్ను పిలవాలంటే ఆయన లేచి వచ్చేవారు.”

టీ చల్లారిపోయింది. మరదలు మళ్ళీ వేడిచేసి ఇచ్చింది. అతను తాగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏం చెయ్యమంటారక్కా?”

“ఈవేళకి వద్దులే.”

ఇప్పుడు మోటారు వేసి, పేపర్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటున్నాను. ఒక్కోరోజు వంటింట్లోంచి మరదలే కేక వేస్తుంది. “వదినా, తొంభై దాటింది!” నేను లేస్తాను. కొన్ని రోజులు ఆమె కేక వెయ్యదు, నేనూ చూసుకోను. వాకిలి తడుస్తుంది. ఇద్దరం చీపుళ్ళు పట్టుకుని నీళ్ళు తోస్తాం. ఆ మాట మాత్రం ఎత్తం.

బక్కోడు రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అలమారలో కంప్యూటరు నడుస్తూనే ఉంది. వినేవాణ్ణి కొత్త ట్యాంకుకు కట్టే వరుస ఇంకా రాయలేదు.