గుడ్డ కప్పిన హారన్

ఆ బస్సు వస్తోందంటే రెండు వీధుల అవతలికే తెలిసిపోయేది. ముందు హారన్ వచ్చేది, దాని వెనక డ్రైవర్ గొంతు వచ్చేది, ఆ తర్వాత తీరిగ్గా బస్సు వచ్చేది. డిపోలో అందరూ అతన్ని హారన్‌గారనే పిలిచేవాళ్ళు. ఆ బస్సులో కండక్టరు అతని బామ్మర్దే. ఇంట్లో అక్కనీ, బస్సులో తననీ, దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ బావ ఒకేలా కసురుతాడనీ, ఈ విషయంలో మాత్రం ఆయనకి పక్షపాతం లేదనీ కండక్టరు నలుగురినీ నవ్విస్తూ ఉండేవాడు.

మేనకోడలి సంగతి జరిగాక ఆ నవ్వు ఆగిపోయింది. డ్రైవర్‌కి ఒక్కతే కూతురు. తండ్రిలాగే బస్సు నడపాలని పట్టుదల. డిపోలో పెట్టిన పరీక్షలో బస్సుని వెనక్కి తీస్తూ, వరసగా నిలబెట్టిన డ్రమ్ముల్లో ఒకదాన్ని పడగొట్టింది. మెకానిక్కులూ డ్రైవర్లూ చూస్తుండగా బావ గొంతు చించుకున్నాడు. "ఆ చేతులు స్టీరింగుకి పనికొచ్చేవి కావు. పోయి గరిటె పట్టుకో!"

పిల్ల ఏడవలేదు. బస్సు దిగి తిన్నగా మామయ్య ఇంటికి వచ్చేసింది. ఇక స్టీరింగు ముట్టనని, తండ్రి ఇంటి గడప తొక్కనని తెగేసి చెప్పింది. మళ్ళీ పరీక్ష దగ్గర పడుతున్నా మాట మీదే నిలబడింది.

ఆ రోజుల్లోనే డిపోలో డ్రైవర్లకి కోపం అదుపులో పెట్టుకోవడం మీద శిక్షణ పెట్టారు. అలాంటి చోట బావ కుర్చీలో కూలబడగానే కునుకు తీసే రకం. ఆ పూట మాత్రం బుద్ధుడి అష్టాంగమార్గం గురించి చెప్పడానికి వచ్చిన పెద్దావిడ మాటలు కళ్ళు విప్పుకుని విన్నాడు. ఎనిమిదింటిలో ఒకటి సమ్యక్ వాక్కట. అనబోయేది నిజమేనా, అవసరమేనా, దానికిది సమయమేనా, మనసులో ప్రేమ ఉందా అని చూసుకున్నాకే నోరు విప్పాలట. "ఎనిమిదీ నా వల్ల కాదురా, ఈ ఒక్కటీ పట్టుకుంటాను," అన్నాడు బయటికొచ్చాక.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు బావా," అని కండక్టరు ఎత్తిపొడిచాడు.

మర్నాడు బావ ఇంటినుంచి ఉతికిన గుడ్డ తెచ్చి, స్టీరింగు మధ్యన ఉన్న హారన్ మీద కప్పాడు. గుడ్డ ఎత్తేలోపు ఆలోచన వస్తుందని ఆయన లెక్క. నోటికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. కోపం రాగానే సీసాలోంచి గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని, అది చల్లారేదాకా మింగడు. నీళ్ళు నమలడం అని అందరూ అంటారు గానీ, నిజంగా నమిలే మనిషిని కండక్టరు చూడడం అదే మొదలు.

ఒక స్కూటరువాడు అడ్డంగా దూరి, పైగా తనే తిట్టి పోయాడు. బావ బుగ్గలు పొంగాయి, మెడ నరాలు తేలాయి. ఎగతాళికి సిద్ధంగా ఉన్న కండక్టరు, బావ స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకోవడం చూశాడు. నీళ్ళు మింగి, బావ బస్సు నడుపుకుంటూ పోయాడు. కోపం లేనివాడు ఊరుకుంటే గొప్పేముంది? ఇంత కోపాన్ని గుక్కెడు నీళ్ళతో ఆపుతున్నాడే అని కండక్టరుకి మొదటిసారి బావంటే గౌరవం కలిగింది. ఆ సామెత చెప్పినందుకు సిగ్గేసింది కూడా.

సాయంత్రాలు బావ కూతుర్ని చూడ్డానికి వచ్చేవాడు. ఎదురుగా కూర్చుని, ఏదో అనబోయి, సీసా ఎత్తేవాడు. కాసేపుండి లేచి వెళ్ళిపోయేవాడు.

"చూశావా మామయ్యా? నాతో మాట్లాడ్డమే దండగనుకుంటున్నాడు," అనేది పిల్ల.

"అది కాదే, మీ నాన్న మారాడు."

"మారితే నోరు పడిపోతుందా?"



ఒక పొద్దున కిక్కిరిసిన వీధిలో ఫోను చూసుకుంటూ ఒకాయన కాలిబాట దిగి నేరుగా బస్సుకి ఎదురొచ్చాడు. బావ చెయ్యి గుడ్డ దాకా వెళ్ళి ఆగింది. మరుక్షణం బ్రేకు కీచుమంది. కండక్టరు ఎగిరి ఒక ముసలావిడ ఒళ్ళో పడ్డాడు. ఫోనాయన వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

"హారన్ దేనికిచ్చారు నాయనా, ముసుగేసి దాచుకోడానికా?" అంది ముసలావిడ, కండక్టర్ని పక్కకి నెడుతూ.

చివరి స్టాపులో అందరూ దిగిపోయినా బావ సీట్లోంచి కదల్లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అవసరమేనా అని నన్ను నేనే అడుగుతూ కూర్చున్నానురా. అవసరం ఎదురుగా నడిచొస్తోంది."

"ఇంక ఈ దీక్ష కట్టిపెట్టు బావా," అన్నాడు కండక్టరు మెత్తగా.

బావ తల అడ్డంగా ఊపాడు. గుడ్డ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "శిక్షణలో ఆ పెద్దావిడ నోరు మూసుకోమనలేదు. నేనే సగం విన్నాను. అనాల్సినప్పుడు అనకపోవడమూ తప్పే." కండక్టరు వైపు తిరిగి అడిగాడు. "పిల్ల దగ్గర కూడా ఇదే చేస్తున్నానా?"

"అదే చేస్తున్నావు బావా."

ఇంకొకడైతే ఆ దెబ్బతో అన్నీ గాలికొదిలేసేవాడు. ఈయన తప్పెక్కడుందో వెతుక్కుంటున్నాడు.

మర్నాడు డ్యూటీలు మారే వేళకి కూతుర్ని డిపోకి తీసుకురమ్మన్నాడు. అందరూ ఉండే వేళ అదే. పిల్ల ఒక పట్టాన కదల్లేదు, మామయ్య బతిమాలగా బతిమాలగా వచ్చింది. వచ్చి తండ్రికి కాస్త దూరంగా నిలబడింది. బావ అలవాటుకొద్దీ సీసా ఎత్తాడు.

"మళ్ళీ నీళ్ళేనా?" అని పిల్ల వెనక్కి తిరిగింది.

బావ సీసా కింద పెట్టేశాడు. అప్పుడొచ్చింది ఆ పాత గొంతు.

"అందరూ ఇటు వినండి!"

రెంచీల చప్పుడు ఆగిపోయింది.

"ఆ రోజు ఇక్కడే, మీ అందరి ముందూ, నా కూతురి చేతులు స్టీరింగుకి పనికిరావన్నాను. అది అబద్ధం. తను పడగొట్టింది ఒక్క డ్రమ్ము. నేను నేర్చుకునేటప్పుడు ఆ గోడ పడగొట్టాను. కావాలంటే చూడండి, ఇటుకల రంగు తేడా ఉంటుంది. నా పరువు పోయిందన్న ఉక్రోషంతో అన్నాను. తప్పు నాది!" తర్వాత గొంతు దిగిపోయింది. "ముందే చెప్పాల్సింది తల్లీ. ఇన్నాళ్ళూ అనకూడని మాట ఆపుకుంటున్నాననుకుని, అనాల్సింది కూడా మింగేశాను."

నిజమే, అవసరమే అనుకున్నాడు కండక్టరు. సమయం కాస్త దాటిందేమో గానీ మించిపోలేదు. ప్రేమ సంగతి వేరే అడగక్కర్లేదు. అతని కళ్ళు చెమర్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పిల్ల గోడకేసి చూసింది. "మొత్తం గోడా?"

"సగమే."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చేత్తో మొహం తుడుచుకుని, శిక్షణ బస్సెక్కి స్టీరింగు ముందు కూర్చుంది. "పక్కన కూర్చో నాన్నా. ఆ సీసా మాత్రం అక్కడే ఉండనీ."

బస్సు మెల్లగా డ్రమ్ముల మధ్యకి వెనక్కి నడిచింది. ఒకచోట తేడాగా ఒరిగింది. "ఎడమ అద్దం చూడమ్మా," అని మాత్రం వినబడింది, పక్కింటివాళ్ళని నిద్ర లేపకూడదన్నంత మెల్లగా. బస్సు సర్దుకుని, డ్రమ్ములన్నీ దాటి, రంగు తేడా ఉన్న ఆ గోడకి ఇవతల ఆగింది.

కిటికీలోంచి పిల్ల తల బయటపెట్టింది.

"మామయ్యా! సాయంత్రం నా బట్టల సంచీ మా ఇంటికి తెచ్చెయ్!"

అచ్చం తండ్రి గొంతే. రెండు వీధుల అవతలికి వినబడే ఉంటుంది.